అద్దానికి ఈవలా ఆవలా

పైఅంతస్తు కిటికీలోంచి ఒకావిడ కొవ్వొత్తి పట్టుకుని ముందుకు వంగింది. ఆ మంటతో ఓ బాటసారి తన పైపు ముట్టించుకుంటున్నాడు. అతనున్నది కిటికీ కింద కాదు, ఊరవతల కొండమీద. మరోపక్క గొర్రెల మంద దారి పట్టింది. దూరం పోయేకొద్దీ గొర్రెలు పెద్దవవుతున్నాయి. సత్రం గోడకు వేలాడాల్సిన బోర్డు ఎక్కడో దూరాన ఉన్న చెట్ల వెనక్కి వెళ్లిపోయింది. ఏటి ఒడ్డున ముందున్న మనిషి వేసిన గాలం, అంత దూరాన కూర్చున్న ఇంకో మనిషిని కూడా దాటి నీళ్లలో పడింది. 1754లో లండన్ చిత్రకారుడు విలియం హోగార్త్ వేసిన బొమ్మ ఇది. కాగితం మీద దూరాన్ని చూపించే పర్‌స్పెక్టివ్ విద్యపై జాషువా కర్బీ రాసిన పాఠ్యపుస్తకానికి ముఖచిత్రం.

ఈ బొమ్మలో ఏ వస్తువునూ విడిగా చూసి తప్పు పట్టలేం. గొర్రె గొర్రెలాగే ఉంది, మనిషి మనిషిలాగే ఉన్నాడు. తప్పంతా వాటి మధ్య ఉంది. కాగితం మీద చెయ్యి పెట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతొకటి తేల్చుకోకపోతే ఏమవుతుందో హోగార్త్ చూపించాడు. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడు? అతని కన్ను ఎంత ఎత్తులో ఉంది? ఆ రెండూ తేలకపోతే చెయ్యి ఎంత తిరిగినదైనా లాభం లేదు.

కర్బీ ఇప్స్‌విచ్ పట్టణంలో ఇళ్లకూ బండ్లకూ రంగులేసే పనితో మొదలైనవాడు. తర్వాత మూడో జార్జ్ రాజు కాబోయే కుర్రవాడికి పర్‌స్పెక్టివ్ నేర్పే గురువయ్యాడు. అతను సులభం చేసి చెప్పబూనింది బ్రూక్ టేలర్ 1715లో అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని. మన ఇంజనీరింగ్ విద్యార్థులు లెక్కల్లో చదివే ‘టేలర్ శ్రేణి’ టేలరే ఇతను. ఆ శ్రేణి ఉన్న గ్రంథం కూడా అదే ఏడాది వెలువడింది. గణితవేత్త రాసిన పొడి సూత్రాలను రంగులు పూసే చేతులకు అందించడం కర్బీ పని.

పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల ఇంగ్లండులో ఇలాంటి బోధన పుస్తకాలు చాలానే వచ్చాయి. 1672లో మొదటిసారి వచ్చిన విలియం సాల్మన్ ‘పాలీగ్రాఫిస్’ తిరగేస్తే గీయడం, చెక్కడం, రంగులద్దడం, వార్నిష్ పూయడం, బట్టలకు అద్దకం అన్నీ ఒకే అట్టల మధ్య కనిపిస్తాయి. రాబర్ట్ డోసీ 1758లో తెచ్చిన ‘హ్యాండ్‌మెయిడ్ టు ది ఆర్ట్స్’ రంగుల తయారీ నుంచి గాజు మీద చిత్రాల దాకా చెప్పుకుపోతుంది. ఆ కాలపు పాఠాల్లో పర్‌స్పెక్టివ్, అద్దం మీద చిత్రాలు, రంగు సుద్దలతో రూపచిత్రాలు పక్కపక్కనే కూర్చుంటాయి. ఒకటి జ్యామితి, ఒకటి రసాయనం, ఒకటి వేలికొసల పని. వీటికేం చుట్టరికమని ఈ రోజు చదివేవాళ్లకు అనిపించవచ్చు.

చుట్టరికం ఉంది. మూడింటికీ మధ్యన ఒక గాజు పలక ఉంది. పర్‌స్పెక్టివ్‌లో అది కంటికీ లోకానికీ నడుమ నిలబడుతుంది. సుద్ద బొమ్మ దాని కిందే బతుకుతుంది. గాజు చిత్రం దాని వెనక పుడుతుంది. అంతకంటే పెద్ద పోలిక ఇంకొకటుంది. మూడూ కూడా, చెయ్యి కదలకముందే ఒక నిర్ణయం తీసుకోమంటాయి. వెనక్కి తీసుకోవడం కష్టమైన నిర్ణయం. ఈ పాత పాఠాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది అదే.

పర్‌స్పెక్టివ్ కథ ఫ్లోరెన్సులో మొదలవుతుంది. పదిహేనో శతాబ్దపు తొలి ఏళ్లలో ఫిలిప్పో బ్రునెల్లెస్కీ అక్కడి బాప్టిస్టరీ కట్టడాన్ని ఒక చెక్క పలక మీద చిత్రించి, పలకలో చిన్న రంధ్రం చేశాడు. చూసేవాళ్లు పలక వెనకనుంచి ఆ రంధ్రానికి కన్ను ఆనించి, ఎదురుగా పట్టిన అద్దంలో బొమ్మ ప్రతిబింబాన్ని చూడాలి. ఆకాశం ఉండాల్సిన చోట రంగు వేయలేదు. మెరిసే వెండి తాపడం చేశాడు. నిజమైన మబ్బులే అందులో కదిలాయి. అంతటి నేర్పుకూ ఆధారం ఆ రంధ్రమే. కన్ను ఎక్కడ ఉండాలో చూసేవాడి ఇష్టానికి వదల్లేదు.

లియోన్ బాటిస్టా అల్బెర్టీ 1435లో దీన్ని పుస్తకంలో పెట్టాడు. అందులో ఒకచోట అప్పటి చిత్రకారుల అలవాటునొకదాన్ని ఖండిస్తాడు. పలకలు పరిచిన నేలను గీసేటప్పుడు వాళ్లు ఒక్కో వరుసనూ ముందుదానిలో మూడింట రెండొంతులకు తగ్గించుకుంటూ పోయేవారు. మొదటి వరుస 9 అంగుళాలైతే రెండోది 6, మూడోది 4. లెక్క చూడ్డానికి పద్ధతిగానే ఉంది. కంటికి ఇంచుమించు నిజమనిపిస్తుంది కూడా. అయినా తప్పే. ఎందుకంటే ఆ లెక్క చూసేవాడి ఊసే ఎత్తదు. కూర్చున్నవాడికీ మేడమీద నిలబడ్డవాడికీ ఒకే నేల ఒకేలా కుదించుకుపోదు కదా.

తర్వాతి గురువులు సులువు చేసిన పద్ధతి ఇప్పటికీ ఒక స్కేలు, పెన్సిలు ఉంటే చాలు, పది నిమిషాల్లో పట్టుబడుతుంది. కాగితం అడుగున ఒక అడ్డగీత గీయండి. అది నేల మొదలు. దానిమీద సమాన దూరాల్లో చుక్కలు పెట్టండి. పైన, కంటి ఎత్తున, ఇంకో అడ్డగీత. ఆ గీతమీద మీ కంటికి సరిగ్గా ఎదురుగా ఒక బిందువు. కింది చుక్కలన్నింటి నుంచీ ఆ బిందువుకు గీతలు లాగితే వెనక్కి పోయే పలకల అంచులు వచ్చేశాయి. చిక్కంతా అడ్డవరుసల దగ్గరే. దానికోసం కంటిమట్టం గీతమీదే, మధ్య బిందువు నుంచి ఒక పక్కకు, మీరు బొమ్మకు ఎంత దూరంలో నిలబడతారో అంత దూరంలో ఇంకో బిందువు పెట్టాలి. నేలగీత అవతలి చివరనుంచి ఈ రెండో బిందువుకు ఒక ఏటవాలు గీత లాగండి. అది వెనక్కిపోయే గీతల్ని ఎక్కడెక్కడ కోస్తే అక్కడక్కడ ఒక్కో అడ్డగీత. అంతే, నేల పరుచుకుంటుంది. చదరపు పలకలకు ఆ ఏటవాలు గీత కర్ణం కాబట్టి, లెక్క తప్పే వీలు లేదు.

రెండో బిందువును మధ్య బిందువుకు మరీ దగ్గరగా జరిపి చూడండి. ముందు వరుస పలకలు సాగిపోయి, నేల మీదపడుతున్నట్టు ఉంటుంది. కాస్త దూరం జరపండి, నేల శాంతిస్తుంది. పాఠాలు చెప్పేవాళ్లు ఈ దూరం బొమ్మ వెడల్పుకు తగ్గకూడదని హెచ్చరించడానికి కారణం ఇదే. ఒక్క బిందువును జరిపితే గదంతా మారిపోవడం చూసిన పిల్లవాడికి పర్‌స్పెక్టివ్ అంటే భయం పోతుంది. సూత్రాలు బట్టీ పట్టించడం కంటే ఇది మేలైన తొలిపాఠమని గట్టిగా నమ్ముతాను.

గాజు పలకను ఇందులోకి తెచ్చినవాళ్లలో లియొనార్డో ముఖ్యుడు. పారదర్శకమైన గాజు వెనకనుంచి ఒక చోటును చూస్తూ, గాజు వెనకున్నవాటిని గాజు మీదే గీయడం తప్ప పర్‌స్పెక్టివ్ మరేమీ కాదన్నది అతని భావం. తల కదలకుండా, ఒక కన్ను మూసుకుని, గాజు మీద కనిపించినదాన్ని కనిపించినట్టు గీసి, దాన్ని కాగితం మీదికి ఎత్తుకోమన్నాడు. అల్బెర్టీ గాజుకు బదులు పల్చని బట్ట వాడాడు. చట్రానికి బిగించిన ఆ బట్టమీద లావు దారాలతో గళ్లు కట్టి ఉంటాయి. ఆ గళ్లలోంచి చూస్తూ, అలాంటి గళ్లే గీసుకున్న కాగితం మీద బొమ్మ దించాలి.

అల్బ్రెక్ట్ ద్యూరర్ 1525లో అచ్చువేసిన కొలతల పుస్తకంలో ఈ పనిని యంత్రంగా మార్చేశాడు. బల్లమీద ఒక వీణలాంటి వాద్యం ఉంటుంది. గోడకు కొట్టిన సూది కన్నులోంచి దారం వస్తుంది. దారం ఒక కొసకు బరువు వేలాడుతుంది, ఇంకో కొసన ములుకు ఉంటుంది. మధ్యలో చట్రం, దానికి తలుపులా తెరిచి మూసే కాగితం. ఒకడు ములుకును వాద్యం అంచుకు తాకిస్తాడు. రెండోవాడు చట్రంలో దారం ఏ చోటునుంచి వెళుతోందో రెండు అడ్డదారాలతో గుర్తుపెట్టుకుని, దారం తప్పించి, తలుపు మూసి, కాగితం మీద చుక్క పెడతాడు. ఒక్కో చుక్కకూ ఇంత తతంగం. ఇక్కడ కన్నే లేదు. సూది కన్నే మనిషి కన్ను. చూపు అంటే ఏమిటో చేత్తో పట్టుకోగల దారంతో చూపించిన ఈ పాఠం నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది.

అదే దారం ఆండ్రియా పోజో చేతిలో రోము నగరంలోని సంత్ ఇగ్నాజియో చర్చి కప్పుదాకా పోయింది. వంపు తిరిగిన కప్పుమీద నిటారు స్తంభాలు కనిపించేలా గీయాలి. కాగితం మీది గళ్లను ఆ వంపుమీదికి ఎక్కించడానికి పోజో చెప్పిన ఉపాయం గొప్పది. వంపు మొదలయ్యే చోట దారాల వల కట్టి, చూసేవాడి కన్ను ఉండే చోటునుంచి రాత్రివేళ దీపం వెలుగులో ఆ వల నీడను కప్పుమీద పడనివ్వాలి. నీడ స్పష్టంగా ఆనని చోట దారాలే పైకి లాగాలి. 1690ల్లో పూర్తయిన ఆ కప్పు చిత్రాన్ని నేలమీద ఎక్కడ నిలబడి చూడాలో తెలిపే గుర్తు చర్చిలో ఇప్పటికీ ఉంది. అక్కడినుంచి నాలుగడుగులు పక్కకు వేస్తే స్తంభాలు ఒరిగిపోతాయి.

ఒక్క కన్ను, కదలని తల. పర్‌స్పెక్టివ్ అడిగే మూల్యం ఇది. లోకాన్ని చూసే సరైన పద్ధతి ఇదొక్కటేనని దీన్ని నేర్పిన కొందరు అనుకున్నారు, తెల్లదొరల కాలంలో మనవాళ్లకూ అలాగే చెప్పారు. నేనది ఒప్పుకోను. లేపాక్షి వీరభద్రాలయం కప్పుకింద నడుస్తూ పదహారో శతాబ్దపు చిత్రాలను చూసేవాళ్లు ఒకచోట నిలబడరు. బొమ్మల వరుస వెంట నడుస్తారు. అక్కడ ముఖాలు పక్కవాటుగా, కన్ను నిండుగా, చీరల అంచులు పూర్తిగా విప్పుకుని కనిపిస్తాయి. ఆ చిత్రకారుడు తీసుకున్న నిర్ణయం వేరు, అతను తలచుకున్న ప్రేక్షకుడు వేరు. పర్‌స్పెక్టివ్ నేర్చుకోవడం వల్ల లేపాక్షి తక్కువైపోదు. ఆ పని ఎంత తెలివిగా జరిగిందో ఇంకా బాగా తెలుస్తుంది.

మన దక్షిణాదిలో ఈ చదువు బడికెక్కింది మద్రాసులో. వైద్యుడైన అలెగ్జాండర్ హంటర్ 1850లో సొంతంగా తెరిచిన కళాపాఠశాలను తర్వాత ప్రభుత్వం తీసుకుంది. ఇప్పటి చెన్నై ప్రభుత్వ లలిత కళల కళాశాల అదే. 1857లో బొంబాయిలో జె.జె. స్కూల్ వచ్చింది. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు చదువుకోవడానికి వెళ్లింది అక్కడికే. ఇప్పుడు మన పిల్లలకు పర్‌స్పెక్టివ్ ఎక్కువగా ఎదురయ్యేది ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో, ఎన్.డి. భట్ డ్రాయింగ్ పుస్తకంలో. అక్కడది మార్కుల కోసం గీసే ఒక అధ్యాయం. ఆ గీతల వెనక దారం పట్టుకున్న మనిషి ఉన్నాడని ఎవరైనా చెబితే, ఆ అధ్యాయం ప్రాణం పోసుకుంటుంది.

ఇక సుద్దలు. పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకాల్లో క్రేయాన్ అన్నది ఇప్పుడు పిల్లల బ్యాగుల్లో ఉండే మైనపు పుల్ల కాదు. పొడి రంగు సుద్ద, మనం పాస్టెల్ అనేది. వెనిస్ చిత్రకారిణి రొసాల్బా కరియేరా 1720లో పారిస్ వెళ్లాక అక్కడ ఈ సుద్దల మోజు మొదలైంది. మోరిస్ కాంతాన్ ద లా టూర్, లియొటార్ వంటివాళ్లు దాన్ని శిఖరానికి తీసుకెళ్లారు. ఇంగ్లండులో దాన్ని ఓపిగ్గా రాసిపెట్టినవాడు జాన్ రస్సెల్. 1772లో వచ్చిన అతని చిన్న పుస్తకం నాకు ఈ తరహా రచనలన్నిటిలోకీ ఇష్టమైనది. అందులో అహం లేదు, పని తెలిసినవాడి శ్రద్ధ ఉంది.

తైలవర్ణ చిత్రకారుడు పలకమీద రంగులు కలుపుకుంటూ పనిచేస్తాడు. సుద్దలతో ఆ వీలు లేదు. కావలసిన ఛాయ కాగితం మీదికి రావాలంటే అది ముందే పెట్టెలో పుల్లగా ఉండాలి. అందుకే రస్సెల్ విద్యార్థి పాఠం రంగులు నూరడంతో మొదలవుతుంది. రంగుపొడి, తెల్లసుద్ద, నీళ్లు, పట్టి ఉంచడానికి అతి పల్చని జిగురు. ఈ జిగురే విద్యంతా. ప్రష్యన్ బ్లూ ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. వెర్మిలియన్ బరువైన రంగు, పట్టు లేకపోతే రాలిపోతుంది. సుద్దమట్టి, పచ్చమట్టి రంగులు తమంతట తామే నిలుస్తాయి. ఒకే జిగురు అన్నింటికీ కలిపితే సగం పుల్లలు గీయవు, సగం చేతిలో పొడవుతాయి. ఒక్కో రంగుకూ కొంచెం చేసి, ఆరబెట్టి, కాగితం మీద గీసి చూసి, కొలత మార్చుకోవాలి.

పిండి తయారయ్యాక అరచేతుల మధ్య పాలతాలికల్లా సన్నగా తిప్పి, నీడన ఆరబెడతారు. నిండు రంగు పుల్లలు చేశాక మిగిలిన ముద్దలో తెల్లసుద్ద కలిపి ఒక లేత ఛాయ, దానిలో మళ్లీ కలిపి ఇంకా లేతది. ఇలా ఒక్క ఎరుపు నుంచే ఒక కుటుంబం పుడుతుంది. ముఖచ్ఛాయలకు పెట్టెలో ఎన్ని పుల్లలున్నా చాలవు. పొరపాటున ఒక మెట్టు వదిలేస్తే, బొమ్మలో చెంప దగ్గర ఆ ఖాళీ కనబడుతుంది.

కాగితం మందంగా, కాస్త గరుగ్గా, తరచూ నీలి రంగులో ఉండేది. నారబట్ట మీద అతికించి చట్రానికి బిగించేవారు. నీలి కాగితం ఎందుకంటే, దానిమీద వెచ్చని రంగు పడగానే చర్మం వెలుగుతుంది, వదిలేసిన చోట నీలమే నీడగా నిలుస్తుంది. రస్సెల్ విద్యార్థి పెట్టె ఒడిలో పెట్టుకుని కూర్చుంటాడు. ముఖం గీతలు సరిగా పడ్డాక స్వచ్ఛమైన కార్మైన్ పుల్లతో ముక్కుపుటం అంచు, నీడ వైపు ముక్కు గీత దిద్దుతాడు. ఆపైన అదే ఎరుపులో అతి లేత ఛాయతో ముక్కుమీదా నుదుటిమీదా వెలుగు వేస్తాడు. తర్వాత వేలికొసతో మెల్లగా కలపాలి. ఇక్కడ ఆగడం తెలియాలి. ఎక్కువ రుద్దితే రంగురేణువులు కాగితంలోకి అణిగిపోయి, వెలుగు చచ్చిపోతుంది. పాస్టెల్ అందమంతా కాగితం మీద వదులుగా నిలిచిన ఆ ధూళిలోనే ఉంది. నూనె, వార్నిష్ ఏవీ లేవు కాబట్టి రేణువులు వెలుగును నలుదిక్కులా చెదరగొడతాయి. చెంపమీద నూగు కనబడేది అందువల్లే.

దాన్ని కదలకుండా పట్టే మందు కోసం చాలామంది వెతికారు. ఫ్రాన్సులో లోరియో అనే అతను 1753లో ఒక రహస్య పద్ధతిని అకాడెమీ ముందు పెట్టాడు. ద్రావణం తగలగానే రేణువులు తడిసి రంగు ముదురుతుంది. ఏ మందుదైనా అదే ఇబ్బంది. కాబట్టి చివరికి దిక్కు గాజు పలకే. 1665లో పద్నాలుగో లూయీ కాలంలో మొదలై, ఇప్పుడు మన ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లందరికీ సెయింట్ గోబెన్ పేరుతో తెలిసిన గాజు కర్మాగారం పెద్ద పలకలు పోతపోయడం నేర్చాకే, లా టూర్ దాదాపు 2 మీటర్ల ఎత్తున్న పాస్టెల్ చిత్రాలకు సాహసించగలిగాడు. చిత్రకళ చరిత్ర రాసేవాళ్లు ప్రతిభకు ఇచ్చే చోటులో కొంత కొలిమికీ ఇవ్వాలి.

సుద్దల్లో నన్ను కదిలించే సంగతి ఇంకొకటుంది. చిత్రకారుడు షార్దాన్ ముసలితనంలో కళ్లు దెబ్బతిని, తైలవర్ణాలు వదిలి పాస్టెల్ పట్టాడు. 1785 నుంచి 1787 దాకా మన దేశంలో తిరిగి సూక్ష్మచిత్రాలు వేసిన ఓజియస్ హంఫ్రీ కూడా, చూపు మందగించాక, సుద్దలకు మారాడు. రస్సెల్ మాత్రం తన చూపును టెలిస్కోపుకు ఇచ్చాడు. చంద్రుణ్ణి ఏళ్ల తరబడి గమనించి, 1795లో పెద్ద పాస్టెల్‌గా చిత్రించాడు. గుంటల అంచున వెలుగు నీడలోకి జారిపోయే తీరును పట్టడానికి ముఖం గీసే సుద్ద కంటే మేలైనది అతనికి దొరకలేదు. మన దగ్గర అవనీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో ఒలింతో గిలార్డీ వద్ద మొదట నేర్చుకున్న వాటిలో పాస్టెల్ ఒకటి.

గాజు వెనక చిత్రానికి వస్తే, అసలు తలకిందుల విద్య ఇదే. గాజు మీద రెండు రకాల పనులున్నాయి. ఒకటి చర్చి కిటికీల పని. పన్నెండో శతాబ్దపు థియొఫిలస్ రాసిపెట్టినట్టు, లోహపు పొడినీ నూరిన గాజునూ కలిపి గీతలు గీసి, కొలిమిలో కాలుస్తారు. రంగు గాజులో భాగమైపోతుంది. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిలోని పెద్ద కిటికీల ముందు నిలబడితే ఈ పని ఏం చేయగలదో తెలుస్తుంది. రెండోది కొలిమి లేనిది. మామూలు గాజు వెనక మామూలు రంగులతో వేసి, ముందునుంచి చూసేది. ఇళ్లలో సాధ్యమైనది, పుస్తకాలు ఎక్కువగా నేర్పినది ఈ రెండోదే.

ఇంగ్లండులో దీనికొక విచిత్రమైన దారి ఉండేది. 1640ల్లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ కనిపెట్టిన మెజోటింట్ అనే ముద్రణలో రాగిరేకు అంతా గరుకు చేసి, వెలుగు కావలసిన చోట నున్నగా గీకుతారు. గీతలు కాకుండా మెత్తని నీడలు అచ్చవుతాయి. అలాంటి ముద్రణ ఒకటి కొని, గంటల తరబడి నీళ్లలో నానబెట్టాలి. బుడగలు లేని గాజు పలకను వెచ్చజేసి, వెనిస్ టర్పెంటైన్ అనే జిగట బంకను సమంగా పూయాలి. నానిన కాగితాన్ని బట్టల మధ్య అద్ది, బొమ్మవైపు గాజుకు తగిలేలా ఒక అంచునుంచి మెల్లగా పరచాలి. గాలి బుడగ ఒక్కటి మిగిలినా అక్కడ బొమ్మ పోతుంది. ఆరాక, వెనకవైపు మళ్లీ తడిపి, వేలితో రుద్దాలి. కాగితం చిన్న చిన్న చుట్టలుగా లేచి వస్తుంది. కంగారు పడితే సిరా కూడా లేచిపోతుంది. చివరికి గాజుకు అంటిన సిరా పొర, దానిమీద కంటికి ఆననంత కాగితం మిగులుతాయి. దానికి వార్నిష్ పట్టిస్తే పారదర్శకమవుతుంది. అప్పుడు వెనకనుంచి నూనె రంగులు.

నీడలన్నీ సిరా ముందే ఇచ్చేసింది కాబట్టి రంగులు నున్నగా, మెట్లు లేకుండా వేస్తే చాలు. చెయ్యి తిరగనివాళ్ల పని అని దీన్ని చిత్రకారులు చిన్నచూపు చూశారు. ఆ మాటలో సగమే నిజం. వెలుగునీడలు ఒకటి, రంగు మరొకటి అని విడదీసి చూడగలగడం పెద్ద చదువు. కాగితం రుద్దుతూ రుద్దుతూ ఆ సంగతి వేళ్లకు తెలుస్తుంది.

ముద్రణ లేకుండా నేరుగా వేసేవాళ్లది అసలైన సాహసం. కాన్వాసు మీద ఆఖరున వేసేది ఇక్కడ మొదట వేయాలి. కంట్లో మెరుపు చుక్క ముందు, కనుపాప తర్వాత, కన్ను దాని తర్వాత, ముఖచ్ఛాయ ఆపైన, వెనకనున్న తెర అన్నింటికన్నా ఆఖరున. ముక్కుపుడక మరిచిపోయి ముఖానికి రంగు వేస్తే, ఆపైన ముక్కుపుడక పెట్టే దారి లేదు. కుడిఎడమలూ తారుమారవుతాయి. గీతల చిత్తును తిరగేసి పెట్టుకోకపోతే రాముడి విల్లు చేయి మారుతుంది. పూర్తయిన బొమ్మ మొత్తం తలలో ఉంటే తప్ప తొలి చుక్క పడదు.

ఈ విద్య మనకు సముద్రం మీద వచ్చింది. యూరపు గాజు పలకలు చైనాలోని కాంటన్ రేవుకు చేరి, అక్కడి చిత్రకారుల చేతుల్లో బొమ్మలై తిరిగి ఓడలెక్కేవి. పద్దెనిమిదో శతాబ్దంలో అదే వర్తకంతో అవి మన పడమటి తీరానికి వచ్చాయి. క్రమంగా దక్షిణాదికి పాకి, తంజావూరులో మరాఠా ఏలుబడి కింద కొత్త ఇల్లు కట్టుకున్నాయి. తంజావూరు, తిరుచ్చిలలో చిత్రాలు వేసిన రాజు కులస్థులు, మదురైలో వేసిన నాయుళ్లు విజయనగరం పతనం తర్వాత దక్షిణానికి తరలిన తెలుగు కుటుంబాల వాళ్లని చరిత్రకారులు చెబుతారు. చెక్కమీద బంగారు రేకుతో వేసే పటాల పనితనమే గాజు వెనక్కి వచ్చింది. నగల దగ్గర గాజును ఖాళీగా వదిలి, వెనక తళుకు రేకు పెట్టేవారు. బాలకృష్ణుడి బుగ్గలకు కాస్త ముదురు ఛాయ, ఒంటిచుట్టూ నిండు రంగులు. పర్‌స్పెక్టివ్ నేల అక్కడక్కడ తొంగిచూస్తుంది గానీ, దేవుడు మాత్రం ఎప్పుడూ ఎదురుగానే కూర్చుంటాడు. పందొమ్మిదో శతాబ్దం చివర రంగుల అచ్చుపటాలు చవగ్గా వచ్చాక ఈ పనికి గిరాకీ పడిపోయింది.

అలాంటి పటాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ల పూజగదుల్లో ఉన్నాయి. గాజు రంగును పీల్చుకోదు. ఆ పొర పైపైన అంటుకుని ఉంటుందంతే. తేమ, ఎండ మారుతుంటే పొర గాజునుంచి విడిపోతుంది, అప్పుడు ముందునుంచి చూస్తే మసక మచ్చలా కనిపిస్తుంది. పండక్కి పటాలు తుడిచేటప్పుడు పాత అట్ట విప్పి వెనకవైపు తడిగుడ్డ పెడితే నూరేళ్ల పని ఆ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. ముందువైపు మాత్రమే, పొడిగుడ్డతో, పటాన్ని పడుకోబెట్టి తుడవాలి. వంటింటి ఆవిరి తగిలే గోడకూ వానకు చెమ్మగిల్లే గోడకూ తగిలించకూడదు. గాజు పగిలితే ముక్కలను బొమ్మవైపు పైకి ఉండేలా పళ్లెంలో పరిచి, దేన్నీ జిగురుతో అతికించకుండా, మ్యూజియం మరమ్మతుదారుల దగ్గరికి తీసుకెళ్లాలి.